ప్లాట్‌ఫామ్ ఊగుతోంది, కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒక చిన్న కన్సల్టెన్సీలో రెండేళ్లుగా సిమ్యులేషన్ పని చేస్తున్నాను. నరసన్నపేట వైపు ఒక రైస్ మిల్లులో బ్లోయర్ కూర్చోబెట్టిన స్టీలు ప్లాట్‌ఫామ్ బాగా అదురుతోందని మా దగ్గరకు వచ్చారు. మోటారు 1440 ఆర్‌పీఎం, అంటే సెకనుకి 24 చుట్లు, బ్లోయర్‌కి నేరుగా కపుల్ చేసి ఉంది. కంప్యూటర్లో మోడల్ కడితే పక్కకు ఊగే మొదటి మోడ్ (కట్టడం తనంతట తాను ఊగే తీరు) 6 హెర్ట్జ్ (సెకనుకి 6 ఊపులు) దగ్గర, నిలువుగా అదిరే మోడ్ సరిగ్గా 24 హెర్ట్జ్ దగ్గర వచ్చాయి. డ్యాంపింగ్ (ఊపుని అణచే గుణం) 2 శాతం అనుకుని, మొదటి మోడ్‌ని పట్టుకుని బీటా అనే డ్యాంపింగ్ అంకె లెక్కగట్టి ఇచ్చాను. కంప్యూటర్లో కదలిక 0.05 మిల్లీమీటర్లు వచ్చింది. మిల్లులో మీటరు పెట్టి కొలిస్తే 0.19. మా సీనియర్ "ఐఎస్ కోడ్‌లో 5 శాతం ఉంది కదా, అదే పెట్టు" అంటున్నారు. అది పెడితే ఇంకా తగ్గిపోతోంది. ఎం.టెక్ నోట్సులో విస్కస్, స్ట్రక్చరల్, రేలీ, కూలుంబ్ అని అయిదారు రకాలు రాసుకున్నాను గానీ ఏది ఎక్కడ వాడాలో ఎవరూ చెప్పలేదు. మిల్లు ఆపరేటరు "ఏటమ్మా, మీ కంపూటర్లో ఊగనేదంతన్నారు, ఓపాలి ఇక్కడ నిలబడి సూడండి" అన్నాడు. నిలబడితే అరికాళ్లు జివ్వుమన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

సమాధానం:

అమ్మా, ఆ ఆపరేటరు మాటలో తప్పు లేదు. మీ మోడల్‌లో కూడా పెద్ద తప్పు లేదు. 0.19ని 0.05తో భాగించండి, దాదాపు 4 వస్తుంది. 24ని 6తో భాగించండి, అదీ 4. మీ గొడవంతా ఈ రెండు నాలుగుల్లోనే ఉంది.

బీటా అంటే గట్టిదనాన్ని బట్టి ఇచ్చే డ్యాంపింగ్. దాని తీరు ఏమిటంటే, ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ అదే నిష్పత్తిలో డ్యాంపింగ్ కూడా పెరుగుతుంది. మీరు 6 హెర్ట్జ్ దగ్గర 2 శాతం వచ్చేలా బీటా లెక్కగట్టారు. అది 0.00106 అయి ఉంటుంది, మీ ఫైలు తెరిచి చూసుకోండి. అదే బీటా 24 హెర్ట్జ్ దగ్గరకు వెళ్లేసరికి 2 శాతం కాదు, 8 శాతం ఇస్తుంది. మోటారు వేగం, ప్లాట్‌ఫామ్ సొంత ఫ్రీక్వెన్సీ ఒకటైపోవడాన్ని రెజొనెన్స్ అంటారు, మీకు రెండూ 24. అక్కడ కదలిక ఎన్ని రెట్లు పెరుగుతుందో తెలియాలంటే 1ని డ్యాంపింగ్ నిష్పత్తికి రెట్టింపుతో భాగించాలి. 2 శాతానికి 25 రెట్లు, 8 శాతానికి 6.25 రెట్లు. అందుకే మిల్లులో ఉన్నదాంట్లో పావు వంతే మీ తెర మీద కనిపించింది. మీ సీనియర్ గారు చెప్పిన 5 శాతాన్ని కూడా ఆ 6 హెర్ట్జ్ దగ్గరే పెడితే 24 దగ్గర 20 శాతం అయి కూర్చుంటుంది. అప్పుడు మోడల్లో ప్లాట్‌ఫామ్ రాతిబండలా నిలబడుతుంది. మిల్లులోది మాత్రం ఊగుతూనే ఉంటుంది.

కాలేజీలో డ్యాంపింగ్‌ని ఒక అంకెగా నేర్పిస్తారు. స్టీలుకి ఇంత, కాంక్రీటుకి ఇంత అని. నేనూ అలాగే నేర్చుకుని, అలాగే దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫ్యాక్టరీకి వెల్డింగ్ చేసిన స్టీలు చిమ్నీ లెక్క కడుతూ, భూకంపం కోడ్‌లో చూసిన అంకెని గాలి లెక్కలోనూ వాడేశాను. కాగితం మీద అడ్డంగా ఊగడం దాదాపు లేదని వచ్చింది. నిలబెట్టిన మొదటి ఏడాదిలోనే ఓ మోస్తరు గాలికి చిమ్నీ ఊగడం మొదలెట్టింది. చివరికి పైభాగం చుట్టూ మెలికలుగా రేకులు వెల్డ్ చేయించాల్సి వచ్చింది. ఆ ఖర్చు గురించి మా బాస్ నాతో ఎన్నాళ్లు మాట్లాడాడో ఇప్పుడు చెప్పను.

కాబట్టి ఎంత పెట్టాలి అని అడిగే ముందు, ఇక్కడ శక్తి ఎటు పోతోంది అని అడగండి. ఊగుతున్న వస్తువు ఆగిందంటే దాని శక్తి ఎక్కడికో వెళ్లినట్టే. ఏ దారిన వెళ్తోందో తెలిస్తే మీ నోట్సులోని రకాల్లో ఏది కావాలో దానంతట అదే తేలుతుంది.

మన పక్కనే బొబ్బిలి వీణ ఉంది. గొల్లపల్లిలో పనస చెక్కతో చేస్తారు. ఎవరైనా వాయించేటప్పుడు దగ్గర కూర్చుని ఒక్క మీటుని పూర్తిగా వినండి. మీటిన క్షణంలో కొంచెం పదునుగా, లోహపు మోతలా వస్తుంది. ఆ పదును వెంటనే పోయి, కింది స్థాయి నాదం మాత్రం గదిలో చాలాసేపు తిరుగుతూ ఉంటుంది. పై ఫ్రీక్వెన్సీలు ముందు చచ్చిపోతాయి, కిందివి నిలుస్తాయి. బీటా డ్యాంపింగ్ చేసేది కూడా ఇదే పని. అందుకే క్రాష్ సిమ్యులేషన్లలో, ఏదైనా వస్తువు పడి కొట్టుకునే లెక్కల్లో, మెష్ (మోడల్‌ని చిన్న ముక్కలుగా కోసిన వల) వల్ల పుట్టే పనికిరాని పై ఫ్రీక్వెన్సీల గోల అణచడానికి కొంచెం బీటా వేస్తారు. కాకపోతే ఎక్స్‌ప్లిసిట్ సాల్వర్లో (చాలా చిన్న టైమ్ అడుగులతో లెక్కించే ప్రోగ్రాములో) బీటా పెరిగితే టైమ్ స్టెప్ చిన్నదైపోయి రాత్రి పెట్టిన రన్ మర్నాడు సాయంత్రానికి కూడా అవ్వదు, అది గుర్తుంచుకోండి.

ఆల్ఫా దీనికి తిరగబడి పనిచేస్తుంది. అది బరువుని బట్టి ఇచ్చే డ్యాంపింగ్. ప్లాట్‌ఫామ్‌ని మొత్తంగా చెరువులో ముంచి ఊపినట్టు అనుకోండి. నెమ్మదిగా ఊగే మోడ్‌లని గట్టిగా పట్టుకుంటుంది, వేగంగా అదిరేవాటిని వదిలేస్తుంది. ఇంకో ఇబ్బంది ఉంది. వస్తువు వంగకుండా మొత్తంగా జరిగినా సరే ఆల్ఫా అడ్డుపడుతుంది. కింద పడుతున్న పెట్టె లెక్కలో ఆల్ఫా పెట్టి, పెట్టె గాల్లో ఎందుకు నెమ్మదిస్తోందో తెలియక తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఈ రెండూ కలిపితే రేలీ డ్యాంపింగ్. లార్డ్ రేలీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరు మీద వచ్చింది. ఇది ఏ పదార్థమూ నిజంగా ప్రవర్తించే తీరు కాదు, లెక్క సులువు కావడానికి పెట్టుకున్న ఏర్పాటు. ఈ మాట మీ నోట్సులో లేకపోతే ఇప్పుడైనా రాసుకోండి. రెండు ఫ్రీక్వెన్సీలు మీరు ఎంచుకుంటారు, ఆ రెండు చోట్లే మీరు కోరిన శాతం వస్తుంది. ఉదాహరణకి 6, 30 హెర్ట్జ్‌ల దగ్గర 2 శాతం కావాలంటే ఆల్ఫా 1.257, బీటా 0.000177 వస్తాయి. మధ్యలో 13 హెర్ట్జ్ దగ్గర అది 1.5 శాతానికి దిగుతుంది. మీ 24 దగ్గర 1.75. అంతవరకు పర్వాలేదు. కానీ 100 హెర్ట్జ్ దగ్గర 5.7 శాతానికి ఎక్కిపోతుంది, 1 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 10 దాటుతుంది. గ్రాఫ్ గీస్తే ఉయ్యాల తొట్టిలా ఉంటుంది. మీ పని ఆ తొట్టి అడుగున జరగాలి, అంచుల మీద కాదు. మీరు చేసిన పొరపాటు బీటా ఒక్కటే పెట్టడం, అదీ మీ మెషీన్‌తో సంబంధం లేని 6 హెర్ట్జ్ దగ్గర పెట్టడం. మొదటి మోడ్‌ని పట్టుకోవాలని ఎవరో చెప్పి ఉంటారు. భూకంపం లెక్కలో మొదటి మోడ్‌దే పెత్తనం కాబట్టి అక్కడ చెల్లింది. మీకు 24దే పెత్తనం.

అసలు మీకు రేలీతో పనే లేదు. మోటారు ఒకే వేగంతో తిరుగుతోంది, రోజంతా అదే అదురు. దీనికి టైమ్ వెంట లెక్కించే ట్రాన్సియెంట్ అక్కర్లేదు, ఒకే లయలో సాగే అదురుని లెక్కించే హార్మోనిక్ చాలు. మోడ్ సూపర్‌పొజిషన్‌తో (ఒక్కో మోడ్‌నీ విడిగా లెక్కించి కలిపే పద్ధతితో) చేసి ప్రతి మోడ్‌కీ విడివిడిగా శాతం ఇచ్చేయండి. అది అన్నిటికన్నా నిజాయితీగల పద్ధతి. ఎక్కడ ఎంత ఇచ్చామో కళ్లకు కనిపిస్తుంది. ఇది ఎక్కడ పనికిరాదంటే, ప్లాట్‌ఫామ్ కింద ఒక్కచోట రబ్బరు ప్యాడో, డ్యాష్‌పాటో (నూనెతో ఊపుని ఆపే సిలిండరు) పెట్టినప్పుడు. అప్పుడు శక్తి ఆ ఒక్క చోటే పోతుంది. మోడ్ మొత్తానికి ఒక శాతం అంటగడితే ఆ సంగతి పోతుంది. ఆ ప్యాడ్‌ని స్ప్రింగు, డ్యాంపర్ ఎలిమెంట్లుగా విడిగా మోడల్ చేయాలి.

స్ట్రక్చరల్ డ్యాంపింగ్ దగ్గర చాలామంది జారిపడే మెట్టు ఒకటుంది. స్టీలు ముక్కని ముందుకీ వెనక్కీ వంచితే ప్రతి చుట్టుకీ కొంత శక్తి లోపలే వేడిగా పోతుంది. ఆ పోయేది ఎంత వేగంగా వంచామన్నదాని మీద పెద్దగా ఆధారపడదు. విస్కస్ డ్యాంపింగ్ అలా కాదు, వేగం పెరిగితే అదీ పెరుగుతుంది. అందుకని లోహాలకి స్ట్రక్చరల్ డ్యాంపింగే నిజానికి దగ్గర. అయితే సాఫ్ట్‌వేర్ అక్కడ అడిగేది నిష్పత్తి కాదు, లాస్ ఫ్యాక్టర్. రెజొనెన్స్ దగ్గర లాస్ ఫ్యాక్టర్ అంటే డ్యాంపింగ్ నిష్పత్తికి రెట్టింపు. 2 శాతం కావాలంటే ఆ గడిలో 0.04 కొట్టాలి. 0.02 కొడితే మీకు వచ్చేది 1 శాతమే, కదలిక రెట్టింపు చూపించి మిల్లు యజమానిని హడలగొడుతుంది. ఇంకొకటి, ఈ రకం హార్మోనిక్ లాంటి ఫ్రీక్వెన్సీ లెక్కల కోసం పుట్టింది. టైమ్ లెక్కలో దాన్ని నేరుగా పెట్టలేం. నాస్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే ట్రాన్సియెంట్ రన్ చేసేటప్పుడు డబ్ల్యూ3 అనే పారామీటరు ద్వారా ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర దాన్ని విస్కస్‌గా మార్చాలో చెప్పాలి. చెప్పకపోతే సున్నా అనుకుని ఆ డ్యాంపింగ్‌ని మొత్తంగా వదిలేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. రన్ శుభ్రంగా పూర్తయి, తప్పు జవాబు చేతిలో పెడుతుంది.

కూలుంబ్ అంటే రాపిడి. పాత ఇళ్లలో వసారాలో ఇనుప కొక్కేలకి వేలాడదీసిన ఉయ్యాల బల్ల గుర్తుందా? కొక్కేనికి నూనె వేయకపోతే కిర్రుకిర్రుమంటూ, ప్రతి ఊపుకీ అంతే దూరం తగ్గుతూ వచ్చి, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒక్కోసారి సరిగ్గా మధ్యలో కూడా ఆగదు, కాస్త పక్కకి ఒరిగే ఆగుతుంది. నూనె వేశాక చూడండి, ఊపు చిన్నదవుతూ చిన్నదవుతూ ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగుతుంది. మొదటిదాంట్లో తగ్గుదల గీత వంపు లేకుండా తిన్నగా వాలుతూ దిగుతుంది, రెండోదాంట్లో వంపు తిరిగి దిగుతుంది. మీ ప్లాట్‌ఫామ్‌లో బోల్టు జాయింట్లు ఉన్నాయి కాబట్టి ఈ రాపిడి కొంత ఉంటుంది. అదురు చిన్నగా ఉన్నప్పుడు జాయింటు జారదు, డ్యాంపింగ్ తక్కువ. అదురు పెరిగితే జారుతుంది, డ్యాంపింగ్ పెరుగుతుంది. ఇది వినగానే బోల్టులు కాస్త వదులు చేద్దామా అనే పెద్దమనిషి ప్రతి సైటులోనూ ఒకడుంటాడు. చేయనివ్వకండి.

ఇక మీ సీనియర్ గారి 5 శాతం. ఆయన కోడ్ చూసే చెప్పారు, కానీ వేరే పని కోసం రాసిన కోడ్ చూశారు. 2016లో వచ్చిన భారత ప్రమాణం ఐఎస్ 1893లో భూకంపం లెక్కకి స్టీలైనా కాంక్రీటైనా 5 శాతమే తీసుకోమని ఉంది. పెద్ద భూకంపంలో గోడలు పగులుతాయి, జాయింట్లు జారతాయి, శక్తి పోవడానికి చాలా దారులు తెరుచుకుంటాయి. గాలి కోసం రాసిన ఐఎస్ 875 మూడో భాగం, 2015 ముద్రణ తీయండి. వెల్డింగ్ స్టీలుకి 1 శాతం, బోల్టు స్టీలుకి 2 శాతం అని ఉంటుంది. అదే స్టీలు, అంకె మాత్రం వేరు, ఎందుకంటే ఊపు వేరు. రోజూ 24 హెర్ట్జ్‌తో, మిల్లీమీటరులో అయిదో వంతు అదిరే ప్లాట్‌ఫామ్‌లో ఏదీ పగలడం లేదు. అందుకే అది 1, 2 శాతాల జాతే.

గాలి మాట వచ్చింది కాబట్టి ఒక్కమాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలు ఎంత దెబ్బతిన్నాయో మీ జిల్లా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మామూలు గాలిలో మాత్రం కొబ్బరి చెట్టు ఊపుని ఆపేది ఎక్కువగా దాని మట్టలే. అవి గాలిని దువ్వుతూ శక్తిని గాలికే తిరిగి ఇచ్చేస్తాయి. దీన్ని ఏరోడైనమిక్ డ్యాంపింగ్ అంటారు. అలాగే పునాది ఊగినప్పుడు తరంగాలు నేలలోకి వెళ్లిపోయి తిరిగి రావు, అది రేడియేషన్ డ్యాంపింగ్. మీ బ్లోయర్ నేల మీది కాంక్రీటు దిమ్మె మీద ఉండుంటే దీని గురించి రెండు పేజీలు రాసేవాణ్ని.

ఎవరూ ఇవ్వకపోయినా చేరే డ్యాంపింగ్ ఒకటుంది, సాల్వర్ తనంతట తాను తినేది. 1977లో హిల్బర్, హ్యూస్, టేలర్ అనే ముగ్గురు ఇచ్చిన, టైమ్‌ని అడుగడుగుగా లెక్కించే హెచ్‌హెచ్‌టీ పద్ధతి ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఉంది. పై ఫ్రీక్వెన్సీల గోలని అది కావాలనే తింటుంది. న్యూమార్క్ అనే ఇలాంటి ఇంకో పద్ధతిలో గామా అనే అంకె 0.5 దాటినా అంతే. టైమ్ స్టెప్ పెద్దదైతే మీకు కావాల్సిన మోడ్‌ని కూడా తినేస్తుంది. 24 హెర్ట్జ్‌కి ఒక చుట్టు దాదాపు 42 మిల్లీసెకన్లు, దాన్ని కనీసం 20 ముక్కలు చేయండి, అంటే స్టెప్ 2 మిల్లీసెకన్లు. ఎప్పుడైనా ట్రాన్సియెంట్ చేయాల్సి వస్తే ముందు ఒక పని చేయండి. డ్యాంపింగ్ అన్నీ సున్నా చేసి, ప్లాట్‌ఫామ్‌ని ఒకసారి కిందికి లాగి వదిలినట్టు రన్ చేయండి. ఊపు అలాగే సాగాలి. తగ్గిందంటే ఆ తగ్గుదల సాల్వర్‌ది, మీది కాదు.

ఇప్పుడు మీ మిల్లు. సెలవు రోజున, బ్లోయర్ దాని చోట్లోనే ఉండి ఆగి ఉన్నప్పుడు వెళ్లండి. ప్లాట్‌ఫామ్ మీద ఫోను గట్టిగా టేపుతో అంటించి, యాక్సెలరోమీటరు రికార్డు చేసే యాప్ ఏదైనా ఆన్ చేయండి. సెకనుకి 200 రీడింగులైనా తీసేది కావాలి. చెక్క సుత్తితో ప్లాట్‌ఫామ్ మధ్యలో ఒక్క దెబ్బ వేసి వదిలేయండి. నిలువు దిశ గ్రాఫ్ మాత్రమే చూడండి. శిఖరం ఎత్తు సగం కావడానికి ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి, 11ని ఆ సంఖ్యతో భాగించండి. అదే మీ డ్యాంపింగ్ శాతం. అయిదున్నర చుట్లు పడితే 2 శాతం, 11 పడితే 1 శాతం. ఈ రెండిట్లో ఏదైనా అదంతా పావు, అర సెకనులో అయిపోతుంది. కంటికి అందదు, గ్రాఫ్ కావాల్సిందే. పది దెబ్బలు వేసి సగటు తీయండి. సుత్తి దెబ్బకి అదురు చిన్నది కాబట్టి, పైన చెప్పిన జాయింట్ల సంగతి వల్ల, నడుస్తున్నప్పటి డ్యాంపింగ్ దీనికన్నా కొంచెం ఎక్కువ ఉండొచ్చు. ప్లాట్‌ఫామ్ మీద బియ్యం బస్తాలు వేసే అలవాటు ఉందేమో కూడా అడగండి. బస్తాలున్నప్పుడు అదురు తగ్గుతుందని ఆపరేటరు చెబితే ఆశ్చర్యపోకండి. లోపల గింజకి గింజ రాసుకుని శక్తి పోతుంది, పైగా బరువు పెరిగి ఫ్రీక్వెన్సీ 24 నుంచి కిందికి జరుగుతుంది. దెబ్బ వేసేటప్పుడు బస్తాలు మామూలుగా ఎలా ఉంటాయో అలాగే ఉంచండి.

ఆ కొలతతో హార్మోనిక్ మళ్లీ చేయండి, 0.19కి దగ్గరగా వస్తారు. కానీ అక్కడితో సంబరపడి రిపోర్టు ఇచ్చేయకండి. యజమానికి కావాల్సింది మీ అంకె కలవడం కాదు, ప్లాట్‌ఫామ్ ఊగకపోవడం. రెజొనెన్స్ మీద కూర్చున్నంతసేపూ డ్యాంపింగ్ కోసం పాకులాడాల్సిందే. అక్కడి నుంచి లేచిపోతే దానితో పనే తగ్గిపోతుంది. నిలువు మోడ్‌ని 24 నుంచి 32 హెర్ట్జ్‌కి తీసుకెళ్లారనుకోండి. కదలిక పెరుగుదల 25 రెట్ల నుంచి 2.3 రెట్లకి పడిపోతుంది. అక్కడ డ్యాంపింగ్ 2 శాతం పెడితే 2.28, మీరు పొరపాటున పెట్టిన 8 శాతం పెడితే 2.20. చూశారా, తేడా లేదు. బరువు పెరగకుండా దానికి గట్టిదనం 1.8 రెట్లు కావాలి. బ్లోయర్ కింది బీమ్‌లకి మధ్యలో ఒక స్తంభం గానీ, వాలుగా రెండు బ్రేసులు గానీ పెట్టి మోడల్లో చూడండి, ఎంత వస్తుందో తెలుస్తుంది. కొత్త బీమ్ బరువు కూడా మోడ్‌ని కిందికి లాగుతుంది, దాన్ని మర్చిపోవద్దు. స్తంభం పెట్టడానికి కింద చోటు లేదంటే బ్లోయర్‌కి బెల్టు, పుల్లీ పెట్టి దాని వేగం మార్చే దారి ఉంది. అప్పుడు గాలి ఎంత వస్తుందో మిల్లువాళ్లు ఒప్పుకోవాలి. మోటారు 1440 మీదే తిరుగుతుంది కాబట్టి దాన్ని నేల మీదికి దించగలిగితే ఇంకా మంచిది.

మీ సీనియర్ గారితో వాదనకి దిగకండి. రెండు కోడ్ల పేజీలు పక్కపక్కన పెట్టి, ఫోను గ్రాఫ్ ముందుంచి "సార్, దీనికి ఏది పెట్టమంటారు?" అని అడగండి. బ్రేసులు వేశాక అదే చోట, అదే సుత్తితో మళ్లీ కొలిచి రెండు గ్రాఫులూ నాకు పంపండి. ఆ ఆపరేటరుని మళ్లీ ప్లాట్‌ఫామ్ మీద నిలబెట్టి, ఈసారి ఏమన్నాడో కూడా రాయండి.